మా ఇంటి కంప్యూటరుకి బడి తాళం

"బడి అకౌంటు పెట్టుకున్నాక బడి రూల్సు పాటించాలి కదండీ." ఈ మాట ఈ ఏడాది నలుగురి నోట విన్నాను. ఒకరు మా అమ్మాయి క్లాస్ టీచరు. ఒకరు బడిలో కంప్యూటర్లు చూసుకునే సారు. మిగతా ఇద్దరూ నాలాగే ఆ బడికి పిల్లల్ని పంపుతున్నవాళ్ళు. నలుగురూ మంచివాళ్ళే, నమ్మే చెప్పారు. ఆ మాట వెనకే ఇంకో మాట కూడా వస్తుంది: "సెక్యూరిటీ కోసమేగా, మంచిదేగా, మనకి దాచుకోవడానికి ఏముంటుంది?" ఈ రెండు మాటలూ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బడి అకౌంటుకి బడి రూల్సు వర్తిస్తాయి, ఒప్పుకుంటాను. మా ఇంటి కంప్యూటరు బడి అకౌంటు కాదు. ఈ తేడా చెరిగిపోయిన చోటే అసలు చిక్కంతా మొదలవుతుంది.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. 2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసం వాయిదాల మీద కొన్నాం. పగలు మా ఆవిడ తన ట్యూషను పిల్లల ఫీజుల లెక్క అందులో రాసుకుంటుంది. సాయంత్రం అమ్మాయి హోంవర్కు. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, వయసు 78. పేపర్ల ఎడిషన్లన్నీ అందులోనే చదువుతారు, పెన్షను కాగితాలు అందులోనే దాచుకుంటారు. తెరవడానికి నాలుగంకెల పిన్ ఆయనే ఎంచుకున్నారు. ఈ జూన్‌లో బడివాళ్ళు అసైన్‌మెంట్లన్నీ బడి అకౌంటు నుంచే పంపాలన్నారు. అమ్మాయి క్లాసు యాప్‌లో ఆ ఈమెయిల్ కొట్టింది. ఒక పెట్టె వచ్చింది. కింద పెద్దగా ఉన్న బొత్తాం నొక్కింది. హోంవర్కు పంపేసి పడుకుంది.

మర్నాడు నాన్నగారు పిలిచారు. "ఏరా, ఇది నన్ను లోపలికి రానివ్వట్లేదు." పాత పిన్ చెల్లదట, ఆరంకెలది పెట్టాలట. పెట్టాం. ఐదు నిమిషాలు తాకకపోతే స్క్రీను తనంతట తానే లాక్ అవుతోంది. నాన్నగారు ఒక సంపాదకీయం చదవడానికి పది నిమిషాలు పడుతుంది. సగంలో తెర నల్లబడుతుంది, మళ్ళీ ఆరంకెలు. వేళ్ళు వణుకుతాయి, ఒకటి తప్పు పడుతుంది, మళ్ళీ కొట్టాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పాతది పెడదామని చూస్తే ఆ గడులన్నీ బూడిద రంగులో పడుకున్నాయి. పక్కనే చిన్న వాక్యం: కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది. మా ఇంట్లో ఏ సంస్థా లేదు. నెల రోజులు నాన్నగారు ఆ లాప్‌టాప్ ముట్టుకోలేదు. "పోనీలేరా, పాప చదువు ముఖ్యం" అన్నారు. ఈ వ్యాసం రాయించింది ఆ మాటే.

జరిగిందేమిటో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. విండోస్ కంప్యూటరులో బడి అకౌంటుతో ఆఫీసు యాప్‌లలోకో, టీమ్స్‌లోకో వెళ్ళినప్పుడు రెండు వేరువేరు పనులు జరగవచ్చు. ఒకటి రిజిస్ట్రేషను: ఈ కంప్యూటరు ఫలానా విద్యార్థిది అని బడి డైరెక్టరీలో నమోదవుతుంది, మాటిమాటికీ పాస్‌వర్డు అడగదు. రెండోది మేనేజ్‌మెంటు. బడివాళ్ళు కంప్యూటర్లని దూరం నుంచే నిర్వహించే ఇన్‌ట్యూన్‌లాంటి వ్యవస్థ పెట్టుకుని, అందులో చేరినవాళ్ళందరి మెషీన్లూ వాటంతటవే నమోదయ్యేలా ఉంచితే, మన కంప్యూటరు వాళ్ళ ఏలుబడిలోకి వెళ్తుంది. మొదటిది అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయడం లాంటిది. రెండోది ఇంటి తాళంచెవుల గుత్తి వాచ్‌మన్ చేతిలో పెట్టడం.

ఈ రెండూ ఒకే పెట్టెలో వస్తాయి. చాలా ఏళ్ళుగా కనిపించే ఆ పెట్టెలో, నా పరికరాన్ని మా సంస్థ నిర్వహించవచ్చు అన్న వాక్యం పక్కన టిక్కు ముందే పెట్టి ఉంటుంది. కింద పెద్ద బొత్తాం. దాని పక్కన, లింకులాగా సన్నగా, మూడో దారి: ఈ యాప్‌లోకి మాత్రమే లాగిన్ అవుతాను. హోంవర్కు పంపడానికి ఆ మూడో దారే సరిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల, రాత్రి తొమ్మిదింటికి, గడువు పదింటికి ఉన్నప్పుడు ఆ సన్నటి అక్షరాలు చదువుతుందా? చదవదు. పెద్దవాళ్ళమే చదవం. అయినా బడివాళ్ళు "మీ అమ్మాయే ఒప్పుకుంది కదా సార్" అంటారు.

ఆ ఒప్పుకోలు దగ్గర కాసేపు ఆగుతాను, మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి. మైనరు పిల్ల తనది కాని వస్తువు తాలూకు హక్కును బయటివాళ్ళకి రాసిస్తే అది చెల్లుతుందా? ఇల్లు తాకట్టు పెట్టే కాగితం మీద పదో తరగతి పిల్లవాడి చేత సంతకం పెట్టించుకుంటే ఏ రిజిస్ట్రారు ఒప్పుకుంటాడు? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతికి కొలతలు పెట్టింది: స్వేచ్ఛగా ఇవ్వాలి, ఫలానా పనికని స్పష్టంగా ఉండాలి, తెలిసి ఇవ్వాలి, షరతు లేకుండా ఇవ్వాలి. ఆ చట్టం లెక్కలో 18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ పిల్లలే. ముందే టిక్కు పెట్టి ఉన్న గడి ఈ కొలతల్లో దేనికి సరిపోతుంది? 2025 నవంబరులో వచ్చిన నియమాలు బడులకి కొంత మినహాయింపు ఇచ్చాయి, నిజమే. చదువుకి సంబంధించిన పనుల కోసం, భద్రత కోసం బడి తన పిల్లల్ని గమనించుకోవచ్చు. మా నాన్నగారి పెన్షను కాగితాలూ మా ఆవిడ ఫీజుల లెక్కా ఆ రెండింట్లో దేని కిందకీ రావు.

"అంత దూరం ఎందుకండీ, పిన్‌లో రెండంకెలు పెరిగితే ఏం పోయింది?" అని అడుగుతారు. పోయింది రెండంకెలు కాదు. రూలు పెట్టే అధికారం పోయింది. ఈరోజు ఆరంకెలు పెట్టినవాళ్ళు రేపు పన్నెండు పెట్టొచ్చు. ఐదు నిమిషాలని రెండు చెయ్యొచ్చు. దూరం నుంచే ప్రోగ్రాములు ఎక్కించొచ్చు. న్యాయంగా చెప్పాలంటే, ఇన్‌ట్యూన్‌లాంటి వ్యవస్థ ద్వారా బడి అడ్మిన్ మన ఫోటోలు చూడలేడు, ఏ సైట్లు తిరిగామో చదవలేడు. ఆ భయం పెట్టి వాదించడం నాకిష్టం లేదు. కానీ ఆ అడ్మిన్ స్క్రీను మీద ఒక్కొక్క పరికరానికీ రెండు ఆజ్ఞలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి "రిటైర్": బడి తాలూకు సామాను మాత్రం తీసేస్తుంది. రెండోది "వైప్": మెషీన్‌ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి స్థితికి తీసుకెళ్తుంది. బడి మానేసిన పిల్లల జాబితా ముందు పెట్టుకుని, సాయంత్రం పూట అలసిపోయిన ఒక మనిషి ఈ రెండింట్లో ఏది నొక్కుతాడన్న దాని మీద మా ఆవిడ మూడేళ్ళ లెక్కలు ఆధారపడి ఉండాలా? ఆయన దుర్మార్గుడు కానక్కర్లేదు. చెయ్యి జారితే చాలు.

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది బిట్‌లాకర్ సంగతి. డిస్కులోని సమాచారాన్ని గుప్తంగా మార్చే ఏర్పాటు అది, మంచిదే. కానీ దానికి 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. మదర్‌బోర్డు రిపేరు చేయించినా, ఒక్కోసారి అప్‌డేట్ దెబ్బతిన్నా, ఆ కీ కొడితేగాని మెషీన్ తెరుచుకోదు. ఆ ఎన్‌క్రిప్షను బడి అకౌంటు ద్వారా ఆన్ అయితే కీ కూడా బడి డైరెక్టరీలోకే చేరుతుంది. పిల్ల పది పాసై వేరే కాలేజీలో చేరుతుంది. బడివాళ్ళు పాత అకౌంట్లు తుడిచేస్తారు. ఏడాది తర్వాత ఒక వానాకాలపు రాత్రి అప్‌డేట్ దెబ్బతిని, మెషీన్ ఆ 48 అంకెలు అడుగుతుంది. అప్పుడెవర్ని అడగాలి? పెళ్ళి ఫోటోలు, స్కాను చేసిన దస్తావేజులు, అమ్మ గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు అన్నీ కళ్ళముందే ఉంటాయి, చేతికందవు. దొంగ నుంచి కాపాడే తాళం సొంతదారునే బయట నిలబెడితే దాన్ని భద్రత అని ఎలా అంటాం?

భద్రత అన్నారు కాబట్టి ఆ మాటనే తీసుకుందాం. విద్యార్థుల సమాచారం ఎక్కడి నుంచి బయటికి పోయిందో చరిత్ర చూద్దాం. 2024 డిసెంబరులో ఉత్తర అమెరికాలోని వేల బడులు వాడే పవర్‌స్కూల్ వ్యవస్థ నుంచి కోట్లమంది పిల్లల, టీచర్ల వివరాలు పోయాయి. చొరబడింది ఏ పిల్లవాడి ఇంటి లాప్‌టాప్ గుండానో కాదు. కంపెనీ సపోర్టు సిబ్బంది వాడే పోర్టల్‌కి దొంగిలించిన ఒక్క లాగిన్ సరిపోయింది, అక్కడ రెండో అంచె తనిఖీ లేదు. మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నది మసాచుసెట్స్‌కి చెందిన 19 ఏళ్ళ కాలేజీ కుర్రాడు. మన దగ్గర, కేంద్ర విద్యాశాఖ నడిపే దీక్షా యాప్ తాలూకు సమాచారం, లక్షలమంది టీచర్లదీ విద్యార్థులదీ, కాపలా లేని క్లౌడ్ సర్వరు మీద తెరిచి ఉందని 2023 జనవరిలో బయటపడింది. బ్రిటన్‌లో సమాచార కమిషనరు కార్యాలయం బడుల్లో లోపలివాళ్ళ వల్ల జరిగిన 215 ఘటనలు పరిశీలించి 2025 సెప్టెంబరులో చెప్పింది: 57 శాతం విద్యార్థులే చేసినవి. ఎలా చేశారు? చాలావాటిలో మంత్రాలేం లేవు. ఊహించడానికి వీలైన పాస్‌వర్డులు, కాగితం ముక్కల మీద రాసి పెట్టుకున్న లాగిన్‌లు.

ఇప్పుడు మా అమ్మాయి బడిలో అకౌంట్ల పాస్‌వర్డు ఎలా ఇచ్చారో చెప్తాను. బడి పేరు, తర్వాత ఎట్ గుర్తు, తర్వాత రోల్ నంబరు. సెక్షను మొత్తానికి ఇదే పద్ధతి. ఒకరి పాస్‌వర్డు తెలిస్తే నలభైమందివీ తెలిసినట్టే. ఆ బడే మా నాన్నగారి నాలుగంకెల పిన్ బలహీనంగా ఉందని తీర్పు ఇచ్చింది. వీధి గుమ్మానికి గడియే పెట్టని మనుషులు పక్కింటి బీరువా తాళం మార్చడానికి బయల్దేరడం ఇది.

ఆ పిన్ నిజంగా బలహీనమేనా? పాస్‌వర్డు పెద్దది, పిన్ చిన్నది, కాబట్టి పిన్ బలహీనం అనుకోవడం చాలామందికి అలవాటు. అదీ పొరపాటే. బడి అకౌంటు పాస్‌వర్డు ఇంటర్నెట్‌కి అవతల ఉన్న సర్వరు తలుపు తెరుస్తుంది, ప్రపంచంలో ఏ మూల ఉన్నవాడైనా దాన్ని కొట్టి చూడొచ్చు. విండోస్ పిన్ అలా కాదు. అది ఆ ఒక్క మెషీన్‌కే, అందులోని టీపీఎం అనే చిప్పుకే కట్టి ఉంటుంది, వైరు దాటి బయటికి పోదు. తప్పులు కొన్ని పడగానే చిప్పు ఇక ప్రయత్నించనివ్వదు. నాన్నగారి పిన్ దొంగిలించినవాడికి మా హాల్లోకి వచ్చి ఆ లాప్‌టాప్ ముందు కూర్చుంటే తప్ప దానితో పని లేదు. మా ఇంట్లోకి ఎవరు వస్తారో, వాళ్ళ నుంచి ఎంత జాగ్రత్త కావాలో మాకు తెలుసు. హాస్టల్లో ఉండే కుర్రాడికి ఆరంకెలు అవసరం కావచ్చు. ఇంట్లో పనివాళ్ళు తిరిగే కుటుంబానికి రెండు నిమిషాల లాక్ అవసరం కావచ్చు. వణికే వేళ్ళున్న పెద్దాయనకి నాలుగంకెలు చాలు. ఈ లెక్క ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళకి తేలుతుంది, ఐదు వందల ఇళ్ళకి ఒకే రూలు తోసేవాళ్ళకి తేలదు.

నా వైపు నిలబడ్డామనుకుంటూ తప్పుదారి పట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతోనూ నాకు తగువుంది. మా బంధువు ఒకాయన ఇదే బాధ పడి, విసిగిపోయి, పిన్నూ పాస్‌వర్డూ మొత్తం తీసేశాడు. "మా ఇంటికి తాళమెందుకు, ఎవరొస్తారు" అని. ఆ మెషీన్‌లో ఆయన బ్యాంకు లాగిన్ బ్రౌజరులో సేవ్ అయి ఉంది. పిల్లవాడి స్నేహితులు రోజూ వచ్చి ఆడుకుంటారు. నా వాదన తాళం మీద కాదు. తాళం ఉండాలి. పిల్లలకి వేరే యూజర్ అకౌంటు ఉండాలి, అది అడ్మినిస్ట్రేటరు హక్కులు లేని మామూలుది కావాలి. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరి చేతిలో అడ్మిన్ అకౌంటు ఉండాలి. ఇవన్నీ ఇల్లు తానే తెలిసి పెట్టుకోవాల్సినవి. రూలు వదులుకోవడం ఎంత తప్పో, రూలే లేకుండా చేసుకోవడమూ అంతే తప్పు.

మూడు నెలలకోసారి పాస్‌వర్డు మార్చాలన్న నియమం కూడా ఈ మూటలోదే. దాన్ని భద్రతకి పరాకాష్ఠలా చెప్తారు. పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి, 90 రోజులకి గడువు తీరాలి అన్న ఈ సంప్రదాయం చాలావరకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వేసిన పత్రం నుంచి వచ్చింది. దాన్ని రాసిన బిల్ బర్ 2017లో పత్రికతో మాట్లాడుతూ, అందులో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానన్నాడు. ఆ ఏడే నిస్ట్ తన మార్గదర్శకాలు మార్చుకుంది. కారణం లేకుండా పాస్‌వర్డు మార్పించొద్దంది, చోరీ జరిగిందన్న ఆధారం ఉంటేనే మార్పించమంది. 2025లో వచ్చిన కొత్త కూర్పులో ఆ మాటే మరింత గట్టిగా, వద్దని నిషేధంగా రాసింది. మైక్రోసాఫ్టు కూడా 2019లో తన సిఫారసుల నుంచి ఆ గడువు నియమాన్ని తీసేసింది. కారణం ఏ తల్లికైనా తెలిసిందే: మూడు నెలలకోసారి మార్చమంటే పిల్లలు చివర ఒకటి తీసి రెండు పెడతారు, రెండు తీసి మూడు పెడతారు, అదీ గుర్తుండక రఫ్ నోట్సు ఆఖరి పేజీలో రాసుకుంటారు. మా అమ్మాయి నోట్సులో ఆ పేజీ నేను చూశాను. నాలుగు పాస్‌వర్డులు వరసగా, మూడు కొట్టేసి ఉన్నాయి. పక్క బెంచీ పిల్ల చూడ్డానికి అర నిమిషం పట్టదు.

"మా బడివాళ్ళు అలాంటివాళ్ళు కాదు" అన్న నమ్మకం మీద కూడా ఒక మాట చెప్పాలి. పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ బడుల యాజమాన్యం కూడా అలాంటిది కాదనే అందరూ అనుకున్నారు. పిల్లలకి లాప్‌టాప్‌లు ఇచ్చారు. పోతే వెతకడానికని దూరం నుంచి కెమెరా పనిచేయించే ప్రోగ్రాము పెట్టారు. ఉద్దేశం దొంగతనం ఆపడమే. 2010లో ఒక విద్యార్థి కుటుంబం కోర్టుకెళ్ళాక తేలిందేమిటంటే, పిల్లలు తమ పడగ్గదుల్లో ఉన్నప్పటి చిత్రాలతో సహా, కెమెరా నుంచీ స్క్రీను నుంచీ యాభై వేలకు పైగా చిత్రాలు పోగుపడ్డాయి. చివరికి 6,10,000 డాలర్లిచ్చి రాజీ పడ్డారు. ఇప్పటి మేనేజ్‌మెంటు వ్యవస్థలు అలా కెమెరా తెరుస్తాయని నేననడం లేదు. పైగా అవి బడి కొనిచ్చిన మెషీన్లు. నేననేది ఒకటే: మంచి ఉద్దేశంతో పుచ్చుకున్న అధికారం ఆ ఉద్దేశం దగ్గరే ఆగిపోదు, అది ఉన్నచోటల్లా ఎవరో ఒకరు దాన్ని వాడతారు. బడి కొన్న మెషీన్ విషయంలోనే ఇంత జరిగితే, బడి పైసా పెట్టని మెషీన్ మీద ఆ అధికారం ఎందుకివ్వాలి?

బడి కొన్నది, ఇల్లు కొన్నది అన్న తేడా మనకి కొత్తేం కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి ఐదు లక్షలకు పైగా టాబ్‌లు పంచింది. పాఠాలు తప్ప వేరేవి చూడకుండా వాటికి తాళం బిగించి ఇచ్చింది. ఆ తాళం ఎంత బాగా పనిచేసిందన్న చర్చ వేరు. ప్రభుత్వ సొమ్ముతో కొన్న వస్తువు, చదువు కోసమే ఇచ్చింది, దాని మీద రూలు పెట్టే హక్కు ఇచ్చినవాళ్ళకి ఉంది. బస్సు పాసు వెనక షరతులు ఉంటాయి, సొంత సైకిలుకి ఉండవు. 2019లో కేరళ హైకోర్టు ముందుకొచ్చిన ఫహీమా షిరీన్ కేసులో వస్తువు విద్యార్థినిదే. కోళికోడ్ జిల్లాలో ఒక కాలేజీ హాస్టలు ఆడపిల్లల ఫోన్లు సాయంత్రం ఆరు నుంచి పది దాకా తీసేసుకునేది. ఒప్పుకోని అమ్మాయిని బయటికి పంపింది. ఆమెని తిరిగి చేర్చుకోమంది కోర్టు. క్రమశిక్షణ పేరుతో పెట్టిన నియమం చదువుకునే హక్కునీ గోప్యతనీ మింగకూడదంది. హాస్టలు కాలేజీదే అయినా కోర్టు ఆ మాటంది. మా హాలు బడిది కూడా కాదు.

"అయితే బడి ఏం చెయ్యాలండీ? వాళ్ళ డేటా వాళ్ళు కాపాడుకోవద్దా?" ఈ ప్రశ్న న్యాయమైనది, దీనికి జవాబు ఉంది కాబట్టే నాకింత కోపం. కాపాడుకోవడానికి మా మెషీన్ అక్కర్లేదు. బడి సమాచారం బడి సర్వరులో ఉంటుంది, గుమ్మం అక్కడ ఉంది, కాపలా అక్కడ పెట్టాలి. ప్రతి అకౌంటుకీ రోల్ నంబరు కాకుండా వేరువేరు పాస్‌వర్డు ఇవ్వాలి. టీచర్లకీ ఆఫీసు సిబ్బందికీ రెండో అంచె తనిఖీ తప్పనిసరి చెయ్యాలి, మార్కులూ ఫీజులూ ఉండేది వాళ్ళ దగ్గరే కదా. పిల్లలు బ్రౌజరులో తెరిచి పని చేసుకోవచ్చు. గూగుల్ క్లాస్‌రూమ్ వాడే బడులైతే క్రోమ్‌లో బడి అకౌంటుకి వేరే ప్రొఫైలు పెట్టుకుంటే చాలు, బడి నియమాలు ఆ ప్రొఫైలు దాకానే వస్తాయి, ఇంటివాళ్ళ బుక్‌మార్కుల జోలికి రావు. ఇక ఇన్‌ట్యూన్‌లోనైతే, సొంత విండోస్ మెషీన్లు నమోదు కాకుండా ఆపే సెట్టింగు బడి అడ్మిన్ చేతిలోనే ఉంది. అది పెడితే, ఏ పిల్ల ఏ బొత్తాం నొక్కినా మెషీన్ బడి ఏలుబడిలోకి పోదు. చాలా బడుల్లో అది పెట్టకపోవడానికి కుట్రేమీ లేదని నా నమ్మకం. మొదట్లో సెటప్ చేసినప్పుడు "అందరికీ" అని ఉన్నది అలాగే వదిలేశారు. తర్వాత ఎవరూ దాని మొహం చూడలేదు. ఎవరూ నిర్ణయించని నిర్ణయం ఐదు వందల ఇళ్ళల్లో అమలవుతోంది. దాన్ని "బడి రూలు" అని సమర్థించడానికి మాత్రం అందరూ ముందుకొస్తున్నారు.

ఇప్పటికే ఇందులో పడ్డవాళ్ళు ఆవేశపడి అకౌంటు పీకెయ్యొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కిందకి వెళ్ళి, ఆఫీసు లేదా బడి యాక్సెస్ అన్న చోట బడి పేరు ఎలా ఉందో చూడండి. అక్కడ సమాచారం అన్న బొత్తాం ఉంటే మేనేజ్‌మెంటు పడ్డట్టు అనుకోవచ్చు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇంట్లోవాళ్ళకి సొంతంగా ఒక అడ్మిన్ అకౌంటు ఉందో లేదో, దాని పాస్‌వర్డు నిజంగా పనిచేస్తుందో లేదో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. కొత్త మెషీన్‌ని మొట్టమొదట బడి అకౌంటుతోనే సెటప్ చేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి వేరే అడ్మిన్ అకౌంటు లేకుండా బడిది తీసేస్తే ఇక లోపలికి దారి ఉండదు. ఫైళ్ళు పెన్‌డ్రైవులోకో బయటి డిస్కులోకో కాపీ తీయండి. అన్నీ అయ్యాక డిస్‌కనెక్ట్ నొక్కండి. ఆ తర్వాత క్లాసు యాప్‌లోకి మళ్ళీ వెళ్ళినప్పుడు, ఆ సన్నటి అక్షరాల దారి పట్టండి. హోంవర్కు మామూలుగానే వెళ్తుంది. మా ఇంట్లో వెళ్తోంది.

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఇదంతా ఒక కాగితం మీద రాసిచ్చాను. మూడే కోరికలు. సొంత కంప్యూటర్లు నమోదు కాకుండా ఆ సెట్టింగు పెట్టండి. పిల్లల పాస్‌వర్డుల్లోంచి రోల్ నంబర్లు తీసెయ్యండి. ఇప్పటికే మీ జాబితాలో ఉన్న మా ఇళ్ళ మెషీన్లకి "వైప్" కాకుండా "రిటైర్" చేసి, చేసినట్టు రాసివ్వండి. ప్రిన్సిపాల్ మేడమ్ ఓపికగా చదివారు. "మీరు చెప్పింది బాగానే ఉందండీ, కానీ ఇంతవరకూ ఏ పేరెంటూ అడగలేదు" అన్నారు. బయటికొచ్చి వరండాలో నిలబడి, వస్తున్నవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను: మీ ఇంట్లో కంప్యూటరు పిన్ ఈమధ్య తనంతట తానే మారిందా? పదకొండుమందిలో ఏడుగురు మారిందన్నారు. అప్‌డేట్ వల్లేమో అనుకున్నామన్నారు. వాళ్ళలో ఒకావిడ ఇంట్లో టైలరింగు చేస్తుంది, కొలతల పుస్తకం మొత్తం అందులోనే ఉందట. ఆవిడ నా కాగితం తీసుకుని, కింద తన సంతకం పెట్టింది. తర్వాత మిగతా ఆరుగురూ పెట్టారు. వచ్చే మీటింగు రెండో శనివారం. ఆ కాగితంతో మళ్ళీ వెళ్తున్నాం.